పేరు ముందు నక్షత్రం గుర్తు

మా సోంపేట నుంచి శాసనసభకు వెళ్ళిన గౌతు లచ్చన్నగారి మీద నేను రాస్తున్న చిన్న పుస్తకం మొదటి ప్రతి పదకొండు పేజీలు వచ్చింది. మర్రిపాలెం నుంచి గాజువాక దాకా బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళి పెదనాన్నగారి చేతికిచ్చాను. ఆయన షిప్‌యార్డులో వెల్డరుగా చేసి రిటైరై చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ ప్రతి వాక్యం కింద వేలు పెట్టి చదువుతారు. పదకొండు పేజీలూ అలాగే చదివి, కళ్ళజోడు తీసి, కాగితాలు అంచులు సరిచేసి నాకే తిరిగిచ్చారు.

"అన్నీ రాశావమ్మా. పుట్టిన తేదీ రాశావు, జైళ్ళు రాశావు, పదవులు రాశావు. మా నాన్న మాత్రం ఎక్కడా లేడు" అన్నారు.

వాళ్ళ నాన్న అంటే మా తాత. సోంపేట దగ్గర పల్లెలో తాటిచెట్లు గీసి బతికిన మనిషి. నేను రాస్తున్నది గౌతు లచ్చన్నగారి గురించి, తాత గురించి కాదు కదా అన్నాను. ఆయన జవాబు చెప్పలేదు. బస్సెక్కి ఎన్.ఎ.డి. కూడలి దాటేదాకా నాకు కోపంగానే ఉంది. ఆయన అన్నది సరైన మాటేనని ఒప్పుకోవడానికి మూడు నెలల చదువు పట్టింది. ఆ మూడు నెలల సంగతే ఇది.

సోంపేట, కంచిలి, కవిటి, మందస వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చి విశాఖలో స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. మాలో కొందరం కలిసి ఆగస్టు 16న, లచ్చన్నగారి పుట్టినరోజునాడు, ఒక చిన్న పుస్తకం వేసి మా పిల్లల చేతుల్లో పెట్టాలనుకున్నాం. తెలుగు టీచరుగా పనిచేశాను గనుక రాసే పని నా మీద పడింది. పాఠం చెప్పడం వేరు, ఒక ప్రజాప్రతినిధి జీవితాన్ని కూర్చి రాయడం వేరు అని అప్పటికి నాకు తెలియదు.

మొదటి ప్రతి ఎలా తయారైందో చెబుతాను. జయంతికీ వర్ధంతికీ వచ్చే వ్యాసాలు ఒక పది పోగుచేశాను. 1909లో బారువలో పుట్టారు. చదువు మానుకుని ఉప్పు సత్యాగ్రహంలోకి దూకారు. 1940లో పలాసలో అఖిల భారత రైతు మహాసభ జరిగినప్పుడు ముందు నిలిచారు. 1942లో మళ్ళీ జైలు. రైతు నాయకుడు ఎన్.జి. రంగాగారి శిష్యుడు. జనం సర్దార్ అని పిలుచుకున్నారు. 1948 నుంచి 1983 దాకా శాసనసభ జీవితం, మంత్రి పదవి, ప్రతిపక్ష నాయకత్వం. ఎమర్జెన్సీలో నిర్బంధం. 2006 ఏప్రిల్ 19న ఈ విశాఖపట్నంలోనే కన్నుమూత. పది వ్యాసాల్లోనూ ఇవే విషయాలు, దాదాపు ఇదే వరుసలో ఉన్నాయి. నేను పదకొండోది రాశాను.

రెండోసారి మొదలుపెట్టినప్పుడు ఎవరి వ్యాసమూ ముందు పెట్టుకోకూడదనుకున్నాను. ముందు ఎన్నికల లెక్కలకు వెళ్ళాను. ఎన్నికల సంఘం తొలి ఎన్నికల నుంచీ ప్రతి ఎన్నికకూ వేసిన గణాంక నివేదికలు కంప్యూటర్‌లో దొరుకుతాయి. అయితే పేర్లన్నీ ఇంగ్లిషు అక్షరాల్లో ఉంటాయి. మన 'లచ్చన్న' ఆ అక్షరాల్లోకి వెళ్ళేసరికి ఒకచోట మధ్యలో ఒక అక్షరం ఎక్కువ, మరొకచోట తక్కువ. 'గౌతు' ఒకచోట పూర్తిగా, మరొకచోట పొడి అక్షరంగా. పేరు కొట్టి వెతికితే మనిషి కనిపించడు. రెండు రోజులు అలా పోయాక తోచింది, మనిషి పేరుతో కాదు, ఊరి పేరుతో వెతకాలని. సోంపేట అని వెతికితే దారి దొరికింది. కృషికార్ లోక్ పార్టీ, స్వతంత్ర పార్టీ, జనతా పార్టీ అని పక్కన పార్టీ మారుతూ వస్తుంది. ఊరు మాత్రం మారదు.

ఆ ఊరి పేరుతో ఇప్పుడు నియోజకవర్గమే లేదు. పునర్విభజన తరవాత 2009 ఎన్నికల నుంచి సోంపేట మండలం ఇచ్ఛాపురం నియోజకవర్గంలో చేరింది, పక్కన పలాస కొత్తగా వచ్చింది. ఓటు వేసే వయసు వచ్చిన మా మేనకోడలికి సోంపేట పేరుతో ఒక శాసనసభ స్థానం ఉండేదని చెబితే ఆశ్చర్యపోయింది. లచ్చన్నగారి తరవాత కుమారుడు శ్యామసుందర శివాజీ అదే సోంపేట నుంచి 1985 మొదలు 2004 దాకా వరసగా అయిదుసార్లు గెలిచారు, 2014లో పలాస నుంచి గెలిచారు. 2024లో మనవరాలు శిరీష పలాస నుంచే సభకు వెళ్ళారు. ఈ సంగతి ఒక్క పేరాతో ముగించాను. ఒక మనిషి చేసిన పని గురించి రాయడానికి కూర్చుని వారసుల గెలుపులు లెక్కపెడుతూ పోవడం నాకు నచ్చలేదు.

గెలుపోటములు తెలిశాయి గాని మనిషి తెలియలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని వి.ఎస్. కృష్ణా గ్రంథాలయంలో ఆంధ్ర రాజకీయ చరిత్ర పుస్తకాల ముందు కొన్ని మధ్యాహ్నాలు కూర్చున్నాను. వాటిలో లచ్చన్నగారు ఏదో ఒక సంక్షోభం దగ్గర ఒక వాక్యంలో వచ్చి వెళ్ళిపోతారు. ఆ పుస్తకాల అడుగున కనిపించే ఆధారాలు చూస్తుంటే మళ్ళీ మళ్ళీ ఒకే మాట: శాసనసభ చర్చలు. అవి చదవకుండా ఒక శాసనసభ్యుడి గురించి రాయబోయానే అని అప్పుడనిపించింది.

పాత శాసనసభ చర్చలు స్కాన్ చేసి పెట్టారు. కాని అందులో తెలుగు అక్షరాలు బొమ్మలు మాత్రమే. మాట కొట్టి వెతకడం కుదరదు, పేజీ తరవాత పేజీ చదవవలసిందే. కొన్నిచోట్ల సిరా పాకి 'ల'కూ 'అ'కూ తేడా తెలియదు. తెలుగులో మాట్లాడితే తెలుగులో, ఇంగ్లిషులో మాట్లాడితే ఇంగ్లిషులో, ఉర్దూలో మాట్లాడితే ఉర్దూ లిపిలో అచ్చువేశారు. ఒకే పేజీలో మూడు లిపులు చూసినప్పుడు, చదవలేని భాగం దగ్గర కూడా కాసేపు ఆగాను.

రోజు మొదట్లో ప్రశ్నోత్తరాలు ఉంటాయి. ప్రశ్న అంకెకు నక్షత్రం గుర్తు ఉంటే మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేకపోతే రాతపూర్వకంగా జవాబు వస్తుంది. ఇది పౌరశాస్త్రం పుస్తకంలో చదువుకున్నదే. నాకు తెలియనిది ఇంకొకటి ఉంది. సభ్యుల పేర్ల ముందు కూడా కొన్నిచోట్ల చిన్న నక్షత్రం కనిపిస్తుంది. ముందు అచ్చు మచ్చ అనుకున్నాను. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న వివరణ చూస్తే తెలిసింది: ఆ గుర్తు ఉంటే, తన మాటలు సరిగా రాశారని ఆ సభ్యుడు చూసి ధ్రువీకరించాడని అర్థం. అంటే సభ ముగిశాక, తాను అన్న మాటలు ఉన్న కాగితాలు ఒక మనిషి ఎదుటికి వచ్చాయి. ఆయన చదివి, సరే, ఇది నా మాటే అన్నాడు. అది తెలిశాక ప్రతి పేజీలోనూ ముందు ఆ చుక్క ఉందా అని చూడటం అలవాటైంది. వర్ధంతి వ్యాసాలు పది చదివినా కలగని దగ్గరతనం ఆ చిన్న గుర్తు దగ్గర కలిగింది.

ఒక నోటు పుస్తకం పెట్టుకుని రెండు గళ్ళు గీశాను. ఒకదానిలో తేదీ, రెండోదానిలో దేని గురించి లేచి నిలబడ్డారు. రోజుకు ఇరవై పేజీలు. కళ్ళు మండేవి. మా అబ్బాయి తెర మీద అక్షరాలు పెద్దవి చేసే పద్ధతి చూపించాక కొంత సుఖపడ్డాను.

ఇప్పుడు నేను దాచిన విషయం చెప్పాలి. మొదటి ప్రతిలో 1954 గురించి అర వాక్యం రాశాను. 'ఆ తరవాత ఆంధ్ర రాష్ట్రంలో రాజకీయ మార్పులు జరిగాయి' అని. ఆ మార్పు ఏమిటో తెలిసి కూడా రాయలేదు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. టంగుటూరి ప్రకాశంగారు ముఖ్యమంత్రి. ఏడాది తిరిగాక, 1954 నవంబరులో, మద్య నిషేధం గొడవ మీద వచ్చిన అవిశ్వాస తీర్మానంలో ఆ ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. మద్య నిషేధం ఎత్తేయాలని ప్రభుత్వమే వేసిన రామమూర్తి సంఘం సిఫారసు చేసినా ప్రభుత్వం తీసుకోకపోవడంతో గీత కార్మికుల తరఫున పోరాడినవాడు లచ్చన్నగారు. ప్రకాశంగారి మీద నాకున్న గౌరవం చిన్నది కాదు. సైమన్ వెనక్కి వెళ్ళమంటూ తుపాకీ ముందు గుండె చూపిన మనిషి గురించి తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో. ఆ మంత్రివర్గంలోనే మన విశాఖ తెన్నేటి విశ్వనాథంగారు ఉన్నారు. ఆయన పేరున్న సముద్రతీరపు పార్కులో మేము సాయంత్రాలు కూర్చుంటాం. అలాంటివారి ప్రభుత్వం కల్లు దగ్గర పడిపోయిందని పిల్లల పుస్తకంలో ఎలా రాయడం అనుకున్నాను.

అసలు కారణం అది కూడా కాదు. 'కల్లు' అన్న మాట నాకు సిగ్గు. చిన్నప్పుడు బడిలో ఆ మాటతోనే నన్ను పిలిచిన పిల్లలు ఉన్నారు. టీచరునయ్యాక ఆ మాట నా నోట రాకుండా చూసుకున్నాను. లచ్చన్నగారూ ఆ వృత్తి ఉన్న కుటుంబంలోనే పుట్టారు. ఆయన జీవితంలోంచి కూడా ఆ మాటను తీసేయబోయాను. పెదనాన్నగారు వేలు పెట్టి చదివినప్పుడు ఆయన వేలు ఆగినది ఆ ఖాళీ దగ్గరే.

మళ్ళీ గాజువాక వెళ్ళాను. ఈసారి కాగితాలు తీసుకెళ్ళలేదు, తాత గురించి చెప్పమన్నాను. పెదనాన్నగారు పనిముట్లు పెట్టుకునే గదిలోకి తీసుకెళ్ళారు. మేకుకు తాత మోకు వేలాడుతోంది. ఇన్నేళ్ళలో నేను ఆ గదిలోకి వెళ్ళనే లేదు. చేతిలోకి తీసుకుంటే అనుకున్నదానికంటే బరువుగా ఉంది. చెట్టుకు ఒరిసే చోట నలుపెక్కి నున్నగా మెరుస్తోంది, నడుముకు ఆనే చోట చెమటకు గట్టిపడి పలకలా ఉంది. పెదనాన్నగారు దాన్ని నడుము చుట్టూ వేసుకుని వెనక్కి వాలి చూపించారు. బరువంతా ఈ తాడు మీదే, కాళ్ళు చెట్టును పట్టుకోవడానికి మాత్రమే అన్నారు. తాత పాదాల లోపలివైపు రాయిలా కాయలు కట్టి ఉండేవట. జబ్బు చేసి మంచం పట్టినప్పుడు అవి మెత్తబడితే, ఇక చెట్టెక్కలేనని ఏడ్చాడట.

1948 అక్టోబరులో మద్రాసు రాష్ట్రమంతటా మద్య నిషేధం వచ్చింది. మా వైపు పల్లెలు అప్పుడు ఆ రాష్ట్రంలోనివే. ఒక్క ఉత్తరువుతో తాత చేసే పని నేరమైంది. కల్లు పులియకుండా లోపల సున్నం పూసిన కుండ కడితే తీపి నీరు దిగుతుంది; దానితో బెల్లం వండుకోవచ్చు. తాత అదే చేశాడు. కాని బెల్లం మీద వచ్చేది ఇల్లు గడవడానికి చాలలేదు. పైగా కుండల్లో సున్నం ఉందో లేదో చూడటానికి వచ్చేవారు. ఒకరోజు ఏడు కుండలు కొడితే అందులో నాలుగింటిలో సున్నం ఉంది. ఆ తెల్లటి పెంకులు వాకిట్లో వారం రోజులు అలాగే ఉంచాడట, చూసినవాళ్ళు చూస్తారని. పెదనాన్నగారికి అప్పుడు అయిదేళ్ళు.

ఈ కథ విని ఇంటికి వచ్చి 1954 గురించి చదివితే అదే పుస్తకం వేరుగా కనిపించింది. మద్య నిషేధం మంచిదా చెడ్డదా అన్న వాదన ఒకటి ఉంది. తాగుడుతో కూలిన సంసారాలు నేను పనిచేసిన ప్రతి ఊళ్ళోనూ చూశాను. నిషేధాన్ని కోరిన గాంధేయవాదుల మనసు తప్పుపట్టలేను. కాని బతుకుతెరువు లాగేసుకుని దాని బదులు ఏమిస్తారన్న ప్రశ్న ఎవరో ఒకరు సభలో అడగాలి. ఆ మనుషుల్లోంచి వచ్చినవాడు అడిగాడు. ప్రభుత్వం పడిపోయింది గాని నిషేధం వెంటనే తొలగిపోలేదు. 1955 ఎన్నికల్లో ఆయన పార్టీ కాంగ్రెసుతో కలిసి నిలబడింది. ఒక ప్రభుత్వాన్ని పడగొట్టినంత మాత్రాన తాత చెట్టెక్కలేదు. ఇదంతా పుస్తకంలో ఉన్నదున్నట్టు రాశాను. తెన్నేటివారి పేరూ రాశాను.

1967 దగ్గర ఇంకొకసారి ఆగాను. ఆ ఏడాది లచ్చన్నగారు శాసనసభకూ శ్రీకాకుళం లోక్‌సభ స్థానానికీ గెలిచారు. గురువు రంగాగారు చిత్తూరులో ఓడిపోయారు. లచ్చన్నగారు లోక్‌సభ స్థానం వదులుకుంటే ఉప ఎన్నికలో రంగాగారు అక్కడ గెలిచి ఢిల్లీ వెళ్ళారు. ప్రతి వ్యాసమూ దీన్ని గురుభక్తి అంటుంది. గురుభక్తి నిజమే. అయితే నోటు పుస్తకంలో రెండో గడి చూసుకుంటే నాకు ఇంకో సంగతి తోచింది. మద్యం, భూమి శిస్తు, సాగునీరు ఇవన్నీ రాష్ట్రం చేతిలో ఉండే విషయాలు. ఆయనను సభకు పంపినవాళ్ళ బాధలకు జవాబు చెప్పవలసిన మంత్రులు హైదరాబాదులో ఉన్నారు, ఢిల్లీలో కాదు. ఆయన అలాగే ఆలోచించారని నేను రుజువు చూపలేను; నా అభిప్రాయంగానే రాశాను. పుస్తకం వేస్తున్న మాలో ఒకరిద్దరు ఒప్పుకోలేదు, అయినా ఉంచాను.

పార్టీలు మారారన్న మాట కూడా వచ్చింది. ఇప్పటి పిల్లలకు పార్టీ మార్పు అంటే ఒకే అర్థం తెలుసు. ఆయన విషయంలో పార్టీలే పుట్టి కలిసిపోయాయి. 1980లో రంగాగారు గుంటూరు నుంచి కాంగ్రెస్ తరఫున గెలిచేనాటికి శిష్యుడు రాష్ట్ర శాసనసభలో ప్రతిపక్షంలోనే ఉన్నారు. గురువు కోసం స్థానం వదులుకున్న మనిషి గురువు వెంట వెళ్ళలేదు. ఈ ఒక్క సంగతి చాలా ప్రశ్నలకు జవాబు అనిపించింది నాకు.

చివరగా బారువ వెళ్ళాను. సోంపేట పేరున్న రైల్వే స్టేషన్ ఉన్నది కంచిలిలో; అక్కడ దిగి ఆటో ఎక్కాను. కొబ్బరితోటలు దాటాక సముద్రం. 1930లో ఆ ఒడ్డున ఉప్పు వండినప్పుడు ఆయనకు ఇరవై ఏళ్ళు. అక్కడ వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయనను లచ్చన్నగారు తెలుసా అని అడిగాను. వల లోంచి తల ఎత్తకుండానే, "ఏ ఇంటి పిల్లవమ్మా నువ్వు?" అని తిరిగి అడిగాడు. తాత పేరు చెప్పాను. తాత ఏ పని చేసేవాడో కూడా చెప్పాను. ఆ మాట నోటితో అనడం నలభై ఏళ్ళలో అదే మొదటిసారి.

రెండో ప్రతి ఇరవై నాలుగు పేజీలయింది. ముద్రణకు ఇచ్చినచోట మొదటి పుటలో 1948ని 1984 చేశారు. శాసనసభ జీవితం ముగిశాక మొదలైనట్టు అయింది. నేను నాలుగుసార్లు చూసి కూడా పట్టుకోలేదు. పెదనాన్నగారి వేలు పట్టుకుంది. ఆ పుట మళ్ళీ వేయించాం. వంశధార మీద గొట్టా బ్యారేజీకి లచ్చన్నగారి పేరు పెట్టిన సంగతి చేర్చమని ఆయనే చెప్పారు, చేర్చాను. మా తాత పేరు మాత్రం వద్దన్నారు. "ఒక్కడి పేరెందుకు, ఆ పని చేసినవాళ్ళందరూ వచ్చారుగా" అన్నారు.

ఆగస్టు 16న పుస్తకాలు పంచాం. మిగిలినవి మా ఇంట్లో అలమారలో ఉన్నాయి, పక్కనే నోటు పుస్తకం. పుస్తకం అయిపోయినా చదవడం ఆపలేదు. ఇప్పుడు 1978 తరవాతి సంపుటాల్లో ఉన్నాను. రోజుకు ఇరవై పేజీలు, రాత్రి భోజనాలయ్యాక.